చిన్నతల్లికి ఏమీ కాదు

చావడానికి కూడా పోట్లాడాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. కంగారు పడకండి, చావాల్సింది నేను కాదు. చిన్నతల్లి. ఆవిడ ఆటలో నా పాత్ర. ఆవిడ బతుకు నా చేతిలోనూ, చావు పాచిక చేతిలోనూ ఉండాలి. అదీ ఆట. మధ్యలో మా అమలాపురం మర్యాద దూరి మొత్తం పాడుచేసింది.

ముందు ఆ ఆటేమిటో చెప్తాను, లేకపోతే మా అత్తగారిలా మీరూ జూదమనుకుంటారు. ఒక బల్ల చుట్టూ నలుగురు కూచుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు తలొక పాత్ర తీసుకుంటారు. "మీ ముందు చీకటి గుహ ఉంది, ఏం చేస్తారు?" అంటాడు కథ నడిపేవాడు. ఏం చేస్తామో మనమే చెప్పాలి. లోపలికి దూరతానంటే దూరొచ్చు, తోక ముడుస్తానంటే ముడవొచ్చు. మనమనుకున్నది జరిగిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు. చిన్నది పడితే అనుభవించాలి. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. బెంగళూరు, హైదరాబాదుల్లో కుర్రకారు కాఫీ హోటళ్ళలో కూచుని ఆడతారట. మా ఊళ్ళో నాకు తెలిసి ఒకటే జట్టు.

ఆ జట్టుకి పెద్ద రాజ్ కుమార్. మా తమ్ముడితో చదువుకున్నవాడు. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం చేస్తూ కరోనాకి ఇంటికొచ్చాడు, తర్వాత ఇంటినుంచే పని చేసుకుంటూ ఉండిపోయాడు. ఎర్రవంతెన దగ్గర వాళ్ళ మేడ మీద గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఆట. నాకా సంగతి చర్చి మెట్ల మీద తెలిసింది. ఆరాధన అయి బయటికొస్తుంటే పోస్టాఫీసులో పనిచేసే సీమోను గారు రాజ్ కుమార్ చెయ్యి పట్టుకుని, "మొసలి నన్ను మింగేయడం అన్యాయమండి, నేను చెట్టు మీదున్నాను కదండి" అంటున్నారు. నలభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ మొసలేంటో తెలుసుకోకుండా ఇంటికెళ్ళడం నావల్ల కాలేదు.

అంతా విని, "నేనూ రావచ్చా?" అన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"మీరాండీ?" అన్నాడు రాజ్ కుమార్. వెంటనే సర్దుకుని, "ఆయ్! ఎంత మాటండి అక్కగారూ. రండి రండి, తప్పకుండా రండి" అన్నాడు.

వెళ్ళాను. గదిలో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీ నాకిచ్చారు. ఫ్యాను నా వైపు తిప్పారు. టీ ముందు నాకే ఇచ్చారు. దుర్గాప్రసాద్ గారని ఇంకొకాయన ఉన్నారు. పూర్తి పేరు నాగదుర్గాప్రసాద్. అంతర్వేది మనిషి, పడవల కుటుంబం, ఇప్పుడు రొయ్యల మేత కంపెనీ తరఫున చెరువుల వెంట తిరుగుతుంటారు. ఆయనకి తిట్టు లేకుండా మాట్లాడడమంటే ఉప్పు లేకుండా తినడమే. నేనొచ్చిన రోజునుంచి ఉప్పు మానేశారు. ఇంత మంచివాళ్ళ మధ్యన పడ్డానని మురిసిపోయాను. ఇప్పుడు తల్చుకుంటే నా తలకాయ ఎర్రవంతెనకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇంట్లో పెద్ద గొడవేం కాలేదు. మా ఆయన శ్యామ్ బాబు ఆదివారం మధ్యాహ్నపు నిద్ర కోసమే వారమంతా బతికే మనిషి, కాబట్టి నేనెక్కడికెళ్ళినా ఫరవాలేదు. మా అత్తగారు జయమ్మ గారు మాత్రం, "పాచికలా? సిలువ కింద సైనికులు చేసిందీ అలాంటి పనే కదమ్మా" అన్నారు.

"వాళ్ళు ప్రభువు బట్టల కోసం వేశారండి. మేం ఉత్తినే ఆడతాం."

"ఉత్తినే ఆడితే ఇంకా తప్పు."

నేను చెప్పులేసుకుని వెళ్ళిపోయాను.

చిన్నతల్లి ఎలా పుట్టిందో చెప్పాలి. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఏటా గోదారి పొంగితే లంకల్లో ఉండే మా పిల్లల ఇళ్ళకి బియ్యం, మంచినీళ్ళు తీసుకుని మాస్టార్లు పడవ మీద వెళ్తారు. మేం ఆడవాళ్ళం స్టాఫ్ రూములో కూచుని పులిహోర పొట్లాలు కడతాం. ఒక ఏడు నేనూ వస్తానంటే మా హెడ్మాస్టరు గారు, "మీకెందుకండీ శ్రమ" అన్నారు. ఆ మాట ఎంత మెత్తగా అన్నారంటే, కోపం తెచ్చుకుంటే మనమే చెడ్డవాళ్ళమైపోతాం. పొట్లాలు కట్టాను. కడుతూ లోపల్లోపల తిట్టుకున్న తిట్లన్నీ కలిపి, రాజ్ కుమార్ "మీ పాత్ర ఎవరండీ" అని అడిగినప్పుడు, చిన్నతల్లిని చేశాను.

రాజ్ కుమార్ అల్లిన దేశంలో ఒక పెద్ద నది ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది, మధ్యలో లంకలు. పేర్లు మార్చాడు గానీ అది ఏ నదో అందరికీ తెలుసు. చిన్నతల్లి ఆ నది మీద సరంగు. పడవ చుక్కాని ఆవిడ చేతిలో ఉంటుంది, ఎటు పోవాలో ఆవిడ చెప్తుంది. చుట్ట కాలుస్తుంది. రాజుతో మాట్లాడినా సరే, ఎవరికీ "అండీ" అనదు. మొదటి ఆదివారం ఆవిడ గొంతుతో "ఒరేయ్ సైనికుడా, బరువు అటేపు జరుపు" అని, మొసలి మింగినవాడి బదులు సీమోను గారు తెచ్చుకున్న కొత్త పాత్రని కేకేసినప్పుడు నాకే భయమేసింది. తర్వాత ఎంత హాయిగా ఉందో చెప్పలేను. బడిలో మేడమ్‌ని, ఇంట్లో కోడల్ని, చర్చిలో సిస్టర్ని. చుక్కాని పట్టుకున్నది మాత్రం ఆ బల్ల దగ్గరే.

మా జట్టులో ఒక ఆచారం ఉంది. ఎవరి పాత్ర చచ్చిపోతే వాళ్ళకి తర్వాతి ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెడతాం. దుర్గాప్రసాద్ గారు పెద్దకార్యమంటారు. ఏ పేరైతేనేం, బిరియానీ ఒకటే. రాజ్ కుమార్ లేచి నిలబడి ఆ పాత్ర చేసిన ఘనకార్యాలన్నీ చెప్తాడు, మిగతావాళ్ళు తలా ఒక మాట చెప్తారు. మొసలి మింగిన సైనికుడి కూడికలో సీమోను గారు తన పాత్ర గురించి తనే వింటూ కళ్ళు తుడుచుకున్నారు. నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. చిన్నతల్లికి ఆ రోజొస్తే ఏం చెప్తారో అని నేనూ ఊహించుకునేదాన్ని. సీమోను గారి పాత్రలు పోయాయి, దుర్గాప్రసాద్ గారివి పోయాయి. చిన్నతల్లికి గీత కూడా పడలేదు. నేను బాగా ఆడతాననుకున్నాను. లెక్కల టీచర్ని, ఏటా పిల్లలకి సంభావ్యత పాఠం చెప్తాను. ఇరవై ముఖాల పాచిక ఒక మనిషికి అన్నాళ్ళపాటు అంతలా కలిసిరాదని తట్టొద్దూ? తట్టలేదు. గెలుస్తున్నవాళ్ళకి లెక్కలు గుర్తురావు.

అన్నిటికంటే గొప్ప రోజు మొగ దాటిన రోజు. మొగ అంటే నది సముద్రంలో కలిసేచోటు, అక్కడ కెరటానికీ ప్రవాహానికీ కుస్తీ. తుఫాను. పడవలో అందరి ప్రాణాలూ ఉన్నాయి. దుర్గాప్రసాద్ గారు నిజం సముద్రం ఎరిగినవారు, ఆయనే "వద్దండి మేడమ్ గారండీ, వెనక్కి తిప్పేద్దాం" అన్నారు. చిన్నతల్లి చుట్ట ఉమ్మేసి, "కూచో అబ్బాయ్" అంది. నా పాచిక వేశాను. పద్నాలుగు. ఇక తుఫాను పాచిక, దానికి నాకంటే తక్కువ పడితేనే దాటినట్టు. కథ నడిపేవాడి ముందు చిన్న అట్టతెర ఉంటుంది, తుఫానులకీ శత్రువులకీ అతను దాని వెనకాల వేస్తాడు. రాజ్ కుమార్ వేశాడు. చూశాడు. తలెత్తి నా మొహం కేసి చూశాడు. "పదమూడండి!" అన్నాడు.

ఒక్క అంకెలో దాటేశాను. సీమోను గారు లేచి చప్పట్లు కొట్టారు. దుర్గాప్రసాద్ గారి నోట్లోంచి ఇన్నాళ్ళకి ఒక తిట్టు జారింది, వెంటనే రెండు చెంపలూ వేసుకుని క్షమాపణ చెప్పుకున్నారు. నేను ఇంటికెళ్ళి మా ఆయన్ని నిద్రలేపి మరీ చెప్పాను. "బాగానే ఉంది, కాఫీ పెట్టు" అన్నారు.

నవ్వుకోండి గానీ, ఆ పద్నాలుగు నన్ను మార్చింది. ఆ ఆగస్టులో మళ్ళీ వరదొచ్చింది. హెడ్మాస్టరు గారు పొట్లాల సంగతి ఎత్తేలోపే, "సార్, నేను పడవలో వెళ్తున్నాను" అన్నాను. వెళ్ళనా అని అడగలేదు, వెళ్తానండి అనీ అనలేదు. వెళ్ళాను. కొబ్బరిచెట్లు నడుందాకా నీళ్ళలో ఉన్నాయి. మా తొమ్మిదో తరగతి జెస్సీ డాబా మీంచి "మేడమ్! మా మేడమొచ్చేరు!" అని గంతులేసింది. చిన్నతల్లి దాటిన మొగ ముందు ఇదెంత అనుకున్నాను.

అప్పుడు బిందుని తీసుకొచ్చాను. బిందు మా పిన్ని కూతురు. కొత్తపేటలో ఉంటుంది, బీటెక్ చదివి బ్యాంకు పరీక్షలు రాస్తోంది. రాస్తోంది, పోతోంది, మళ్ళీ రాస్తోంది. దాని నోట్లోంచి మాట రావడం తగ్గిపోయిందని పిన్ని బెంగపడుతుంటే, "ఆదివారాలు నా దగ్గరికి పంపించు" అన్నాను. నాకూ స్వార్థముంది. బల్ల దగ్గర ఇంకో ఆడమనిషుంటే బాగుంటుంది కదా.

మొదటి రోజే ఆటలో దొంగలు పడ్డారు. బిందు పాత్ర మూలికల వైద్యురాలు, పేరు కుమారి. పాచిక పట్టుకుని వెయ్యకుండా కూచుంది.

"అక్కా, నా కుమారి చచ్చిపోతే?"

నేను ధైర్యం చెప్పబోయేంతలో దుర్గాప్రసాద్ గారు మిరపకాయ బజ్జీల ప్లేటు దాని వైపు జరిపారు. "భయపడకండమ్మా. ఆడవాళ్ళ పాత్రలకి ఇక్కడేం కాదండి. మేడమ్ గారు వచ్చిన రోజే మేం అనేసుకున్నాం."

"ఏమనుకున్నారు?" అన్నాను.

సీమోను గారు దగ్గారు. దుర్గాప్రసాద్ గారు నా మొహం, రాజ్ కుమార్ మొహం మార్చి మార్చి చూసి, "మేడమ్ గారికి తెలీదాండీ? నేను తెలుసనుకున్నానే" అన్నారు.

నేను అట్టతెర వైపు చూశాను. "రాజ్ కుమార్, మొగ దాటిన రోజు తుఫానుకి ఎంత పడింది?"

"ఇప్పుడెందుకండీ అక్కగారూ. ఎప్పటి మాటో."

"ఎంత పడింది?"

"పంతొమ్మిదండి."

"పదమూడన్నావు."

"మరేం చెయ్యమంటారండి?" అన్నాడు, పాపం నిజంగానే బాధపడుతూ. "మీ మొహం చూసేను. ఎంత ఆశగా ఉన్నారో. ఇంటికొచ్చిన ఆడపడుచుని ముంచేస్తామాండీ?"

తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. దొరకలేదు. అదే ఈ మర్యాదతో వచ్చిన చావు. ఎవరైనా నిన్ను ఆడదానివని తీసిపారేస్తే చొక్కా పట్టుకుని అడగొచ్చు. మెత్తటి కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, ముందుగా టీ ఇచ్చి, నీకు తెలియకుండా నిన్ను ఆటలోంచి తీసేస్తే ఏం పట్టుకుని అడుగుతావు? ఏడాది పైగా నేను ఆడాననుకున్నాను. వాళ్ళు నన్ను ఆడించారు. చిన్నతల్లి ఆ రోజే మొగలో పోయింది, నాకు కబురు అందలేదంతే.

ఇంటికి నడుస్తుంటే దారిలో ఇంకోటి గుర్తొచ్చింది. వరద రోజు పడవలో నాకు ఇటొక మాస్టారు, అటొక మాస్టారు కూచున్నారు. బియ్యం బస్తా ఎత్తబోతే ఎవరో ఒకరు అందుకున్నారు. దిగేచోట మోకాలి లోతు నీళ్ళుంటే నన్ను దిగనివ్వలేదు. వెళ్ళాననుకున్నాను. తీసుకెళ్ళి తీసుకొచ్చారు.

"ఆటే కదే, దానికింత ఏడుపా?" అన్నారు మా ఆయన.

"ఆట కాబట్టేనండి" అన్నాను. "ఆటలో కూడా కాకపోతే ఇంకెక్కడ?"

ఆయనకి అర్థమైందో లేదో గానీ, ఆ సాయంత్రం కాఫీ ఆయనే పెట్టారు. చక్కెర వెయ్యడం మర్చిపోయారు.

ఊరుకునే మనిషిని కాదు నేను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. రాజ్ కుమార్‌కి ఫోన్ చేశాను. "ఈ ఆదివారం అట్టతెర ఉండకూడదు. అన్ని పాచికలూ అందరి ముందే పడాలి. సీమోను గారికి ఎలాగో నాకూ అలాగే. లేదంటే నేను రాను."

"ఆయ్, అలాగే అండి" అన్నాడు. "కోపం లేదు కదండీ?"

ఆదివారం అట్టతెర లేదు. ఫ్యాను మాత్రం నా వైపే ఉంది. శత్రువుల ఓడ తరుముకొస్తోంది. పడవలో సీమోను గారి కొత్త సైనికుడు, దుర్గాప్రసాద్ గారి దొంగ, మా కుమారి ఉన్నారు. లంకలో దిగి దాక్కుందామన్నారు సీమోను గారు. దాక్కుంటే ఓడవాళ్ళు లంక మొత్తం గాలిస్తారు, అందరూ దొరికిపోతారు. నేను చిన్నతల్లి గొంతు తెచ్చుకున్నాను.

"మీరు దిగండి. నేను పడవేసుకుని మొగ వైపు పోతాను. వాళ్ళు నా వెంట పడతారు."

"ఒక్కరే ఎలాగండీ?" అన్నారు సీమోను గారు. "నేనూ వస్తాను."

"దిగవయ్యా" అంది చిన్నతల్లి.

దిగారు. పోటు మీదుంది సముద్రం. పాచిక వేశాను, ఆరు. రాజ్ కుమార్ సముద్రం తరఫున అందరి ముందూ వేశాడు. అది దొర్లి, బల్ల మధ్యలో ఆగింది. పదిహేడు.

నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ ఏడుపు కింద ఎంత తృప్తి ఉందో మీకెలా చెప్పను! ఆవిడ నిజంగా ఉండేది, అందుకే నిజంగా పోయింది. తనవాళ్ళని ఒడ్డుకి దింపి, శత్రువుని వెంటేసుకుని, తన పడవలో తను పోయింది. ఆ చావుని ఎవరూ నాకు దానం చెయ్యలేదు. వచ్చే ఆదివారం కూడికకి బిరియానీ నేనే తేవాలని, ఆవిడ గురించి సీమోను గారు ఏం చెప్తారో వినాలని, ఆ ఒక్క క్షణంలో అంతా అనేసుకున్నాను.

"మీ పాచిక బజ్జీల ప్లేటుకి తగిలిందండి టీచర్ గారూ" అన్నారు సీమోను గారు.

"ఆయ్, తగిలింది. నేనూ చూసేను" అన్నారు దుర్గాప్రసాద్ గారు. "అది లెక్కలోకి రాదండి. మళ్ళీ వెయ్యండి."

"తగల్లేదు" అన్నాను.

"తగిలే ఉంటుందండి" అన్నాడు రాజ్ కుమార్.

"మళ్ళీ వెయ్యక్కా" అంది బిందు నా చెయ్యి పట్టుకుని. "ప్లీజ్ అక్కా."

నలుగురూ ఒకేలా చూస్తున్నారు నా వైపు. నీళ్ళలో పడ్డదాన్ని లాగడానికి చేతులు చాచినట్టు. అంత ప్రేమగా చూసేవాళ్ళ మీద అరవడం ఎంత కష్టమో! అయినా అరిచాను.

"ఆరు పడింది. ఆవిడ పోయింది. పోయిందని నీ నోటితో చెప్పు రాజ్ కుమార్. నాకదొక్కటే కావాలి."

అతను పాచిక చేతిలోకి తీసుకున్నాడు. తల వంచుకున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "పెద్ద కెరటమొచ్చి ఆవిణ్ణి ఒడ్డుకి తోసేసిందండి. స్పృహ లేదు. ఊపిరి ఆడతా ఉందండి."

"హమ్మయ్య" అన్నారు సీమోను గారు. బిందు చప్పట్లు కొట్టింది.

నేను లేచాను. "కోపమొచ్చిందాండీ?" అన్నాడు రాజ్ కుమార్. "టీ తాగి వెళ్ళండి మేడమ్ గారండీ" అన్నారు దుర్గాప్రసాద్ గారు. సీమోను గారైతే నా చెప్పులు తిప్పి పెట్టారు వేసుకోడానికి వీలుగా. ఆ చెప్పుల్ని చూసి నేను మెట్ల మీద ఏడ్చేశాను.

వంతెన దాకా బిందు నా వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"నువ్వు రాకపోతే నేనూ రానక్కా."

"నీకు నచ్చిందా అక్కడ?"

అది కాలవ వైపు చూసింది. చాలా రోజుల తర్వాత అది పెద్ద మాట మాట్లాడడం విన్నాను. "పరీక్ష రాస్తే పోతుంది. ఇంటర్వ్యూకెళ్తే పోతుంది. ఇంట్లో అందరూ నా మొహమే చూస్తారు, ఈసారైనా వచ్చిందా అని. వారానికి ఒక్క పూట నాకేం కాదన్న చోటు దొరికింది. నాకలాగే బాగుందక్కా. అది తప్పా?"

తప్పని ఎలా అనను? దానికి కావలసినదే నన్ను ఉక్కిరిబిక్కిరి చేస్తోంది, నాకు కావలసినది దాన్ని భయపెడుతోంది. ఒకే కుర్చీలో ఇద్దరం ఎలా కూచుంటాం?

"వెళ్ళు, టీ చల్లారిపోతుంది" అన్నాను. వెనక్కి వెళ్ళింది.

నేను మళ్ళీ వెళ్ళలేదు. మా అత్తగారు దేవుడు నన్ను మార్చాడని సంతోషించారు. ఆదివారం మధ్యాహ్నాలు మా ఆయన పక్కన పడుకుని పైకప్పు చూస్తుంటాను. సరిగ్గా ఆ వేళకి రాజ్ కుమార్ "ఏం చేస్తారండీ?" అని అడుగుతుంటాడు. నాకా ప్రశ్న కావాలి. ఆ గది కావాలి, మొసలి గురించి సీమోను గారి గోల కావాలి, దుర్గాప్రసాద్ గారు మింగేసుకున్న తిట్లు కావాలి. చెడ్డవాళ్ళైతే మర్చిపోదును. మంచివాళ్ళు పోగొట్టిన దాన్ని మర్చిపోవడానికి దారేదో ఎవరూ చెప్పరు.

ఈ ఏడు వరదకి హెడ్మాస్టరు గారు మళ్ళీ, "మీకెందుకండీ శ్రమ" అన్నారు. "వెళ్తానండి" అన్నాను. ఆ గొంతు చిన్నతల్లిది కాదు. ఆయనకీ తెలిసిపోయింది కాబోలు, నవ్వి ఊరుకున్నారు. స్టాఫ్ రూములో కూచుని పొట్లాలు కట్టాను.

మొన్న గడియార స్తంభం దగ్గర కూరలు కొంటుంటే రాజ్ కుమార్ కనిపించాడు. బండి ఆపి, దిగి, హెల్మెట్ తీసి మరీ పలకరించాడు.

"అక్కగారూ! ఎన్నాళ్ళైందండీ! మీ కుర్చీ అలాగే ఉంచేమండి, ఎవర్నీ కూచోనివ్వం."

"బిందు ఎలా ఆడుతోంది?"

"బాగా ఆడతన్నారండి. నవ్వుతున్నారు కూడా." కాస్త దగ్గరికొచ్చి, శుభవార్త చెప్తున్నట్టు గొంతు తగ్గించాడు. "మీ చిన్నతల్లి క్షేమంగా ఉందండి. ఆవిడకేం కాదు. రేవు పక్కన ఇల్లు కట్టించేం. కుమారి వైద్యం చేస్తోంది. ఎవరొచ్చి పడవ నడపమన్నా మేం పంపించడం లేదండి. కూచోబెట్టి చూసుకుంటన్నాం."

చుట్ట కాల్చే మనిషిని, రాజుకైనా అండీ అనని మనిషిని, రేవులో అరుగు మీద కూచోబెట్టి అన్నం పెడుతున్నారు. ఊపిరాడుతూనే ఉందట. నాకు చేతిలో వంకాయలు బరువెక్కాయి. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాను.

"మరి పడవ ఎవరు నడుపుతున్నారు?"

"దుర్గాప్రసాద్ గారి కొత్త పాత్ర నడిపేడండి. వీరబాబని మంచి సరంగు. పాపం, పోయిన ఆదివారం మొగలో పోయేడు. ఆయనకి పది పడింది, సముద్రానికి పదకొండు. ఒక్క అంకెలో పోయేడండి."

"ఎవరూ మళ్ళీ వెయ్యమన్లేదా?"

రాజ్ కుమార్ నా వైపు వింతగా చూశాడు. అతని మొహంలో కల్మషం వెతికినా దొరకదు. నిజంగానే అర్థం కాలేదతనికి.

"ఎందుకండీ?" అన్నాడు. "పడింది పడిందే కదండీ."

అవునన్నాను. అతను బండెక్కి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నీళ్ళలో పోయినవాడి మీద ఎవరైనా అసూయ పడతారా? నేను పడ్డాను, కూరల బండి ముందు నిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా.